ఉమ్మడి ఆస్తి పంపకానికి స్ప్రెడ్‌షీట్‌ను పెద్దమనిషిగా కూర్చోబెట్టడం ఎలా?

పంపకాల గొడవలు చాలావరకు ఎవరు ముందు నోరు విప్పారన్న దగ్గరే మొదలవుతాయి. "పొలం నాకు వదిలెయ్యండి" అని అన్న అందరి ఎదుటా అనేశాడంటే చెల్లి మొహమాటానికి "నాకేమీ వద్దులే అన్నయ్యా" అంటుంది. డాలస్‌లో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో తల ఊపుతాడు, ఆ తరువాత ఫోన్లు ఎత్తడు. మధ్యవర్తిగా వచ్చిన పెద్దమనిషి ఎంత ధర్మాత్ముడైనా, ముందు ఎవరింట్లో కాఫీ తాగాడో మిగతావారు గుర్తు పెట్టుకుంటారు.

ఈ చిక్కు మీద కంప్యూటర్ శాస్త్రం చాలాకాలంగా పనిచేస్తోంది. 1980లలో అమెరికాలోని అరిజోనా విశ్వవిద్యాలయంలో జే నునామేకర్ బృందం ఒక సమావేశ మందిరాన్ని కట్టింది. అందులో ప్రతి కుర్చీ ముందూ ఒక కంప్యూటర్ ఉండేది. అందరూ ఒకేసారి, పేరు కనబడకుండా, తమ అభిప్రాయం టైపు చేసేవారు. అధికారి ఎవరో, గుమాస్తా ఎవరో తెర మీద తెలిసేది కాదు. అప్పటి నుంచి ఇప్పటిదాకా బేరసారాలకూ సామూహిక నిర్ణయాలకూ తోడ్పడే వ్యవస్థలు చాలా వచ్చాయి. వాటిలో మన పంపకానికి పనికొచ్చేవి రెండు సంగతులు: అందరూ ఒకేసారి చెప్పడం, ఒకరిది ఒకరికి ముందుగా తెలియకపోవడం. లెక్క ఆ తరువాతి విషయం. ఆ పాటి లెక్క మీ ఇంట్లోని ల్యాప్‌టాప్ చేసిపెడుతుంది.

ఈ మార్గదర్శిలో తల్లిదండ్రులిద్దరూ కాలం చేసిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఊళ్లో వ్యవసాయం చేసే అన్న, విజయవాడలో ఉండే చెల్లి, అమెరికాలో తమ్ముడు. పంచుకోవలసినవి ఊళ్లో ఇల్లు, రెండెకరాల పొలం, పట్నంలో ఇంటి స్థలం, అమ్మ నగలు.

ముందు చూసుకోవలసింది: మీ కుటుంబానికి ఇది పనికొస్తుందా?

వీలునామా ఉంటే, దాని మీద ఎవరికీ అభ్యంతరం లేకపోతే, ఈ తతంగం అక్కర్లేదు. ఆస్తి మీద కోర్టులో దావా నడుస్తున్నా, వారసుల్లో మైనర్లు ఉన్నా ముందు న్యాయవాదిని కలవండి. ఒకరు ఇంకొకరిని బెదిరిస్తున్న ఇంట్లో ఏ సాఫ్ట్‌వేరూ పనిచేయదు. బెదిరింపుకు లొంగినవారు రహస్యంగా రాసే అంకె కూడా బెదిరింపు రాయించిందే అవుతుంది.

మొదటి మెట్టు: ఎవరి వాటా ఎంతో తేల్చండి

దీన్ని కంప్యూటర్‌కు వదిలిపెట్టకూడదు, బేరానికి పెట్టకూడదు. హిందూ కుటుంబాల్లో తండ్రి స్వార్జితానికి వీలునామా లేకపోతే కొడుకులకూ కూతుళ్లకూ సమాన వాటా. పిత్రార్జితంలోనూ కూతురికి కొడుకుతో సమాన హక్కు ఉందని 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ చెప్పింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని, సవరణ నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని 2020లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. "పెళ్లప్పుడు పసుపు కుంకుమల కింద ఇచ్చాం కదా" అన్న మాట ఎలాగూ వస్తుంది. వస్తే ఇక్కడే రావాలి. ఇచ్చినదాన్ని వాటాలో మినహాయించడానికి ముగ్గురూ మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే రాసుకోండి, లేకపోతే చట్టం చెప్పిన వాటాతోనే ముందుకు వెళ్లండి. మన ఉదాహరణలో ఒక్కొక్కరికి మూడో వంతు.

రెండో మెట్టు: పాత లెక్కలు విడిగా తీర్చండి

నాన్న ఆసుపత్రి ఖర్చు అన్న పెట్టాడు. ఇంటి పైకప్పు బాగుచేయడానికి తమ్ముడు డబ్బు పంపాడు. వీటిని ఆస్తిలో కలిపారంటే నాలుగో మెట్టులో రాసే ప్రతి అంకెలోకీ పాత కోపం దూరుతుంది.

దీనికి 1990ల చివర్లో అమెరికాలో సైబర్‌సెటిల్ అనే వ్యవస్థ బీమా క్లెయిముల కోసం వాడిన ఉపాయం బాగుంటుంది. రావలసినవారు ఎంతకైతే ఒప్పుకుంటారో, ఇవ్వవలసినవారు ఎంతవరకు ఇవ్వగలరో విడివిడిగా, ఒకరికి ఒకరు తెలియకుండా కంప్యూటర్‌కు చెబుతారు. ఇచ్చేవారి అంకె అడిగేవారి అంకెను అందుకున్నా, దాటినా, లేదా ముందే అనుకున్నంత దగ్గరకు వచ్చినా మధ్య అంకె దగ్గర ఒప్పందం కుదిరినట్టు. కలవకపోతే ఎవరు ఎంత అన్నారో బయటపడదు, ఇంకో విడత మొదలవుతుంది. బేరంలో ముందు దిగి వచ్చినవారు అలుసైపోతారన్న భయాన్ని ఇది తీసేస్తుంది. ఇంట్లో చేసుకోవాలంటే బయటి వ్యక్తి ఒకరు రెండు సందేశాలు అందుకుని, కుదిరితే మధ్య అంకె ఎంతో, లేకపోతే "కుదరలేదు" అని మాత్రమే చెబితే చాలు.

మూడో మెట్టు: ఒకే సమాచారం అందరి ముందూ పెట్టండి

ఊళ్లో ఉన్నవారికి పొలం ధర తెలుస్తుంది, డాలస్‌లో ఉన్నవారికి పదేళ్ల నాటి ధరే గుర్తుంటుంది. ఈ తేడాతో నాలుగో మెట్టులోని పాటకు దిగితే తరువాత "నన్ను మోసం చేశారు" అన్న మాట తప్పదు. స్ప్రెడ్‌షీట్‌లో మొదటి పేజీని దీనికోసమే కేటాయించండి. ప్రతి ఆస్తికి సర్వే నంబరు, విస్తీర్ణం, ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), పొలమైతే పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్ లేదా పహాణీ వివరాలు, రిజిస్ట్రేషన్ శాఖ లెక్కలో విలువ, చుట్టుపక్కల ఇటీవల జరిగిన అమ్మకాల ధర, కౌలు లేదా అద్దె, మిగిలిన అప్పు రాయండి. రిజిస్ట్రేషన్ శాఖ విలువా బయట పలికే ధరా ఒకటి కావని అందరికీ తెలిసిందే. అందుకే రెండూ ఉండాలి.

ఈ మెట్టుకు ఎంత బలం ఉందో చెప్పే ఉదంతం ఐక్యరాజ్యసమితి మూడో సముద్ర చట్ట సమావేశంలో ఉంది. 1973 నుంచి 1982 దాకా సాగిన ఆ చర్చల్లో, సముద్రగర్భంలోని ఖనిజాలను తవ్వే కంపెనీలు ఎంత రుసుము కట్టాలన్న పేచీ వచ్చింది. ధనిక దేశాల లెక్క ఒకటి, పేద దేశాల లెక్క ఇంకొకటి. ఆ ఆర్థికాంశాల చర్చకు అధ్యక్షత వహించిన సింగపూర్ ప్రతినిధి టామీ కో, అమెరికాలోని ఎంఐటీ విద్యాసంస్థ పరిశోధకులు తయారుచేసిన తవ్వకాల ఖర్చు, రాబడి కంప్యూటర్ నమూనాను చర్చలోకి తెచ్చారు. రుసుము ఇంత పెడితే లాభం ఏమవుతుంది, అంత పెడితే ఏమవుతుంది అని ప్రతినిధులు నమూనాను అడిగి చూసుకున్నారు. ఊహల మీద వాదించుకునేవారు ఒకే లెక్క ముందు కూర్చున్నారు. పంపకాల్లో మీ మొదటి పేజీ చేయవలసిన పని కూడా అదే.

ఈ పేజీని అందరూ చూడవచ్చు, దిద్దవచ్చు. రహస్యం ఇక్కడ అక్కర్లేదు. తరువాతి మెట్టులో మాత్రం రహస్యమే సర్వస్వం.

నాలుగో మెట్టు: సీల్డు టెండరు

మన ఊళ్లలో ఆస్తిని మూడు కుప్పలు చేసి చీట్లు తీయించడం పాత పద్ధతి. అందులో మోసం ఉండదు, నిజమే. కానీ అమ్మ నగల మీద చెల్లికి ఉన్న మమకారం, పుట్టిన ఇంటి మీద తమ్ముడికి ఉన్న బెంగ చీటీకి తెలియవు. అవి తెలిసే పద్ధతిని 1940లలో పోలండ్ గణితవేత్త బ్రోనిస్లావ్ క్నాస్టర్ రూపొందించాడు. ప్రతి ఒక్కరూ ప్రతి ఆస్తికీ తమ దృష్టిలో విలువ ఎంతో రాస్తారు. హెచ్చు పాట ఎవరిదైతే వస్తువు వారిది. ఎక్కువ పొందినవారు డబ్బు కడతారు, తక్కువ పొందినవారు పుచ్చుకుంటారు.

పాట మొదలయ్యే ముందు నియమాలు కాగితం మీద రాసి సంతకాలు చేయండి. అంకెలు ఏ తేదీ లోపల రాయాలి, సమానంగా పాడితే ఏం చేయాలి (అక్కడ చీటీ తీయవచ్చు), డబ్బు ఎన్ని నెలల్లో కట్టాలి. అంకెలు చూశాక నియమం మార్చాలని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు.

రహస్యం నిలబెట్టడానికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇది. ప్రతి ఒక్కరూ తమ అంకెలను ఒక ఫైలులో రాసి పాస్‌వర్డ్ పెట్టి, గడువులోగా మిగిలిన ఇద్దరికీ పంపాలి. పాస్‌వర్డ్ మాత్రం చెప్పకూడదు. అందరి ఫైళ్లూ చేరాక, వీడియో కాల్‌లో ముగ్గురూ పాస్‌వర్డ్‌లు చెప్పాలి. ఎవరూ చివరి నిమిషంలో అంకె మార్చలేరు, ముందుగా చూడనూ లేరు. ఎవరినీ నమ్మాల్సిన పని లేదు.

ఉమ్మడిగా వాడే ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీట్‌లో మాత్రం పాట పెట్టకండి. ఎవరు ఏ గడిలో ఎప్పుడు ఏం రాశారో, ఏం చెరిపారో దాని చరిత్రలో ఉంటుంది. ఆన్‌లైన్ ఫారం వాడితే దాన్ని తయారుచేసినవారికి జవాబులు వచ్చినవి వచ్చినట్టు కనిపిస్తాయి, కాబట్టి తయారుచేసే వ్యక్తి వారసుడు కాకూడదు. వాట్సాప్ పోల్ సంగతి చెప్పనే అక్కర్లేదు. మామూలుగా అందులో ఎవరు దేనికి ఓటేశారో ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది.

మన ముగ్గురూ రాసిన అంకెలు లక్షల్లో ఇవి అనుకుందాం:

ఇల్లు: అన్న 36, చెల్లి 24, తమ్ముడు 45
పొలం: అన్న 66, చెల్లి 48, తమ్ముడు 54
స్థలం: అన్న 30, చెల్లి 42, తమ్ముడు 36
నగలు: అన్న 9, చెల్లి 15, తమ్ముడు 9

ఐదో మెట్టు: లెక్క

ప్రతి ఆస్తికీ ఒక అడ్డ వరుస, ప్రతి మనిషికీ ఒక నిలువు వరుస పెట్టండి. పక్కన మ్యాక్స్ ఫార్ములాతో హెచ్చు పాట, కింద సమ్ ఫార్ములాతో ఒక్కొక్కరి మొత్తం. ఆ మొత్తాన్ని మూడుతో భాగిస్తే, ఎవరి లెక్కలో వారికి న్యాయంగా రావలసింది తెలుస్తుంది. అన్న మొత్తం 141, అంటే అతని దృష్టిలో తన వాటా 47 లక్షలు. చెల్లి మొత్తం 129, వాటా 43. తమ్ముడి మొత్తం 144, వాటా 48.

ఇల్లు తమ్ముడికి, పొలం అన్నకు, స్థలమూ నగలూ చెల్లికి వెళ్లాయి. అన్న పొందింది 66, వాటా కన్నా 19 ఎక్కువ. చెల్లి పొందింది 57, వాటా కన్నా 14 ఎక్కువ. తమ్ముడు పొందింది 45, వాటాకు 3 తక్కువ. అన్న 19, చెల్లి 14 కుండలో వేస్తే, అందులోంచి తమ్ముడికి 3 ఇస్తే, ఇంకా 30 లక్షలు మిగులుతాయి. అది ముగ్గురికీ తలా పది. చీటీ పాటలో పాట తగ్గింపు సభ్యులందరికీ డివిడెండుగా వచ్చినట్టే ఇది కూడా.

అసలు చేతులు మారే డబ్బు: అన్న 9 లక్షలు కడతాడు, చెల్లి 4 లక్షలు కడుతుంది, తమ్ముడు 13 లక్షలు పుచ్చుకుంటాడు. ఇప్పుడు చూడండి. అన్నకు తన లెక్కలో 57 దక్కింది, రావలసింది 47. చెల్లికి 53, రావలసింది 43. తమ్ముడికి 58, రావలసింది 48. ముగ్గురూ తమ సొంత కొలత ప్రకారం న్యాయమైన వాటా కన్నా పది లక్షలు ఎక్కువే పొందారు. ఒకే వస్తువుకు ఒక్కొక్కరు ఒక్కో విలువ కట్టడం వల్ల వచ్చిన మిగులు అది. పెద్దమనిషి ఒకే ధర నిర్ణయించి పంచి ఉంటే ఆ మిగులు ఎవరికీ కనబడేది కాదు.

రహస్యం పోతే ఏమవుతుంది?

ఈ పద్ధతిలో లోపాలు ఎత్తి చూపేవారు అడగవలసిన ప్రశ్న ఇది. పొలానికి అన్న 66 రాశాడని తమ్ముడికి ముందే తెలిసిందనుకోండి. తనకు పొలం అక్కర్లేకపోయినా 54 బదులు 65 రాస్తాడు. పొలం అన్నకే వెళ్తుంది, కానీ తమ్ముడు పుచ్చుకునే డబ్బు 13 లక్షల నుంచి 15 లక్షల 44 వేలకు పెరుగుతుంది. ఆ అదనం అన్న, చెల్లి జేబుల్లోంచి వచ్చిందే.

తెలియకుండా ఊహించి పాడితే? 70 రాస్తాడు, పొలం అతనికే తగులుతుంది, 52 లక్షల 11 వేలు కట్టాలి. ఇల్లు, పొలం అతని అసలు విలువల్లో 45, 54. కట్టింది తీసేస్తే మిగిలేది 47 లక్షల లోపే. నిజం రాస్తే 58 దక్కేది. అంటే అంకెలు బయటికి పొక్కకుండా ఉన్నంత కాలం అబద్ధం రాయడం పెద్ద జూదం. పొక్కిన రోజు అదే మంచి వ్యాపారం. పైన పాస్‌వర్డ్‌ల గురించి అంత చాదస్తంగా రాసింది ఇందుకే.

డబ్బున్నవాడే అన్నీ పాడేస్తే?

క్నాస్టర్ పద్ధతికి ఇదే పెద్ద లోపం. అందరి జేబులూ ఒకటేనన్న ఊహ మీద అది నిలబడింది. డాలర్లలో సంపాదించేవారికి 70 లక్షలు రాయడం తేలిక. అన్న ఆ పొలం మీదే బతుకుతున్నా అంత రాయలేడు. రాసినా తొమ్మిది లక్షలు ఒక్కసారి ఎక్కడి నుంచి తెస్తాడు?

బతుకుతెరువుతో ముడిపడిన ఆస్తిని పాటలో పెట్టకపోవడం మొదటి దారి. బయటి వ్యక్తి ధర కట్టి, దాన్ని సాగు చేసేవారికి వాటా కింద ముందే కేటాయించాలి. కట్టవలసిన డబ్బును పంటల లెక్కన వాయిదాలు చేయడం రెండో దారి. మూడోది డబ్బు బదులు మార్కులతో పాడటం. ఇందులో అందరికీ సమానంగా వంద మార్కులే ఉంటాయి.

ఇద్దరే వారసులైతే మార్కుల పద్ధతి చాలా అందంగా పనిచేస్తుంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయ రాజనీతి శాస్త్రవేత్త స్టీవెన్ బ్రామ్స్, యూనియన్ కాలేజీ గణితవేత్త ఆలన్ టేలర్ దీన్ని 1990లలో రూపొందించారు. అక్క ఇంటికి 50, పొలానికి 30, స్థలానికి 20 మార్కులు వేసింది. తమ్ముడు ఇంటికి 30, పొలానికి 40, స్థలానికి 30 వేశాడు. ఎక్కువ మార్కులు వేసినవారికి వస్తువు ఇస్తే అక్కకు 50 మార్కులు, తమ్ముడికి 70. సమానం చేయాలి. ఇద్దరి మార్కుల నిష్పత్తి ఎక్కడ అన్నిటికన్నా దగ్గరగా ఉందో ఆ వస్తువులోంచి కొంత మార్చాలి. ఇక్కడ అది పొలం. ఏడింట రెండు వంతులు, అంటే రెండెకరాల్లో సుమారు 57 సెంట్లు, అక్కకు ఇస్తే ఇద్దరికీ సుమారు 58న్నర మార్కుల చొప్పున వస్తాయి. ఒక్క ఆస్తినే కోయాల్సి వచ్చింది, చేతులు మారిన డబ్బు సున్నా. ముగ్గురు, ఆపైన ఉంటే ఈ లెక్క ఇంత శుభ్రంగా రాదు.

ఆరో మెట్టు: పంచలేనివాటి మీద ఉమ్మడి నిర్ణయం

తాతగారి ఇల్లు ఏడుగురు మనవల ఉమ్మడిలో ఉందనుకోండి. అమ్మాలా, అద్దెకివ్వాలా, బాగుచేసి ఉంచుకోవాలా? చేతులెత్తమంటే అమ్మడానికి ముగ్గురు, అద్దెకు ఇద్దరు, బాగుచేయడానికి ఇద్దరు. ముగ్గురు గెలిచారు కాబట్టి ఇల్లు అమ్మేద్దామా? మిగిలిన నలుగురికీ అమ్మడం అన్నిటికన్నా ఇష్టం లేని పని.

ఓటు బదులు వరుస అడగండి. ప్రతి ఒక్కరూ మూడింటినీ ఇష్టప్రకారం ఒకటి, రెండు, మూడు అని రహస్యంగా రాయాలి. అమ్ముదామన్న ముగ్గురికీ రెండో ఇష్టం అద్దె, బాగుచేద్దామన్న ఇద్దరికీ రెండోది అద్దె. ఇక రెండేసి చొప్పున పోల్చి చూడండి. అద్దె, అమ్మకం పోటీలో అద్దెకు నలుగురు. అద్దె, మరమ్మతు పోటీలో అద్దెకు ఐదుగురు. అద్దె ఎవరితో తలపడినా గెలుస్తుంది. 18వ శతాబ్దపు ఫ్రెంచి మేధావి కాండోర్సే పేరుతో పిలిచే ఈ పోలిక లెక్కనే డెబియన్ సాఫ్ట్‌వేర్ బృందం తమ నాయకుడి ఎన్నికకు వాడుతుంది. కొన్నిసార్లు ఒకటి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ ఒకటోదాన్ని ఓడించి చక్రం తిరుగుతుంది. అలాంటప్పుడు ఏం చేయాలో కూడా ముందే రాసుకోండి.

ఏడో మెట్టు: కుదిరాక ఒకసారి వెనక్కి

1996లో కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఇన్‌స్పైర్ అనే వెబ్ వ్యవస్థ విద్యార్థులకు బేరసారాలు నేర్పేది. ఇద్దరూ ఒప్పుకున్న తరువాత కూడా అది వారి ఇష్టాలను చూసి, ఇద్దరికీ ఇంతకన్నా మెరుగైన ఒప్పందం ఉంటే చూపించేది. ఇష్టమైతే మారేవారు, లేకపోతే పాతదే నిలిచేది. ఫలితం వచ్చాక మీరూ ఒక వారం ఆగండి. ఇద్దరు వారసులు తమలో తాము వస్తువులు మార్చుకోవాలనుకుంటే, మూడోవారికి నష్టం లేకపోతే, మార్చుకోనివ్వండి.

అమెరికాలో ఉన్న తమ్ముడు పొలం పాడే పరిస్థితి ఉంటే ఇంకో మాట. ఎన్నారైలకూ విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకూ వ్యవసాయ భూమి వారసత్వంగా రావచ్చు, కానీ కొనడానికి ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనలు ఒప్పుకోవు. వాటాకు మించి డబ్బు కట్టి పొలం తీసుకోవడం ఏ కోవలోకి వస్తుందో పాటకు ముందే న్యాయవాదిని అడగాలి, తరువాత కాదు.

చివరి మెట్టు: కాగితం

స్ప్రెడ్‌షీట్ ఫలితానికి చట్టం ముందు విలువ లేదు. భాగ పంపిణీ దస్తావేజు రాయించి రిజిస్ట్రేషన్ చేయించాలి. రాలేనివారు తమ తరఫున సంతకం చేసే అధికారం ఇంకొకరికి ఇచ్చే జీపీఏ పత్రం రాయాలంటే కాన్సులేట్ ధ్రువీకరణకు సమయం పడుతుంది, ఆ పని ముందే మొదలుపెట్టండి. వాయిదాల తేదీలు, తప్పితే ఏం చేయాలో దస్తావేజులోనే ఉండాలి. మధ్యలో చిక్కు వస్తే, ముగ్గురూ మూడు ఊళ్లలో ఉంటే, 2023 మధ్యవర్తిత్వ చట్టంలో ఆన్‌లైన్ మధ్యవర్తిత్వానికీ చోటు ఉంది, కానీ ఆ సెక్షన్ అమల్లోకి వచ్చిందో లేదో ముందు న్యాయవాదిని అడగండి. రిజిస్ట్రేషన్ అయ్యాక పాసుపుస్తకంలోనూ మున్సిపల్ పన్ను రికార్డులోనూ పేర్లు మార్పించుకోండి.

ఆపైన పాటల ఫైళ్లను ముగ్గురూ చెరిపేయడం మంచిది. అమ్మ నగలకు అన్న తొమ్మిది లక్షలే రాశాడన్న సంగతి పదేళ్ల తరువాత ఏ పెళ్లిలోనో ఎవరి నోటైనా వచ్చే అవకాశం ఉంది. తుది లెక్క ఉన్న ఒక్క పేజీని మాత్రం దస్తావేజు నకలుతో పాటు ఉంచుకుంటే చాలు.